యామునుడి కిరీటం, ముచ్చింతల విగ్రహం

శంషాబాదు విమానాశ్రయం దాటి కొద్ది దూరం పోతే ముచ్చింతల గ్రామ పరిధిలో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం కనిపిస్తుంది. పంచలోహాలతో చేసిన ఆ విగ్రహానికి "సమతామూర్తి" అని పేరు. 2014లో శంకుస్థాపన జరిగింది. 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆవిష్కరించాడు. ఎనిమిది రోజుల తరువాత, రామానుజుడు బతికాడని చెప్పే 120 సంవత్సరాలకు గుర్తుగా 120 కిలోల బంగారంతో చేసిన మరో విగ్రహాన్ని రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించాడు. ఖర్చు సుమారు వెయ్యి కోట్లని ఆనాటి పత్రికలు రాశాయి. ఈ పని సంకల్పించి నడిపించినవారు త్రిదండి చినజీయర్ స్వామి. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

సాహిత్య విమర్శ పత్రికకు విగ్రహంతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. విగ్రహం కూడా ఒక రచనే. దానికీ కర్త ఉంటాడు, పోషకుడు ఉంటాడు, అది ఉద్దేశించిన పాఠకుడు ఉంటాడు. పైగా "సమత" అనే మాట మనది. ఆ మాట కోసం మన రచయితలు జైళ్ళకు పోయినారు. ఆ మాటను 216 అడుగుల ఎత్తున మరొకరు నిలబెట్టినప్పుడు దాని అర్థం ఏమైందో విచారించటం విమర్శకుడి పనే అవుతుంది.

అయితే విచారణ మొదలుపెట్టే ముందు మన లోపం ఒకటి ఒప్పుకోవాలి. స్వాములను గురించి అభ్యుదయ సాహిత్యం ఇంతవరకు చెప్పినదంతా దాదాపు ఒకటే మాట: వాళ్ళు దొంగలు. "కన్యాశుల్కం"లో గురజాడ అప్పారావుగారు బైరాగిని సారా దుకాణంలో కూర్చోబెట్టి నవ్వించిన నాటి నుంచి మన కథకులు దొంగస్వామిని పట్టుకోవటంలో ఆరితేరారు. అది అవసరమైన పనే. కాని అది సులువైన పని. దొంగస్వామి బయటపడితే కథ అయిపోతుంది. పాఠకుడు తృప్తిగా నిద్రపోతాడు. మరి స్వామి దొంగ కాకపోతే? ఆయన నిజంగా నమ్మినవాడు, నిజంగా చదువుకున్నవాడు, నిజంగా మంచి చెయ్యాలనుకున్నవాడు అయితే? అప్పుడు మన దగ్గర కథ లేదు. ఉన్నదల్లా ఎగతాళి. భక్తులు ఆ ఎగతాళి వింటారు, తమకు తెలిసిన స్వామికీ దీనికీ పొత్తు కుదరటం లేదని గ్రహిస్తారు, మన మాట వినటం మానేస్తారు. తప్పు వాళ్ళది కాదు.

చినజీయర్ స్వామి విషయమే తీసుకుందాం. ఇరవయ్యేళ్ళు దాటీ దాటకముందే సన్యాసం తీసుకున్న మనిషి. ఆయన నడిపించే సంస్థలు అంధ విద్యార్థుల కోసం నేత్ర విద్యాలయం పెట్టాయి, వేదపాఠశాలలు పెట్టాయి, వైద్యశాలలు పెట్టాయి. చూపులేని పిల్లవాడికి డిగ్రీ చదువు చెప్పించటాన్ని బూటకమనటం అన్యాయం. కనుక ప్రశ్నను సరిగా వెయ్యాలి. సదుద్దేశం గల మతాచార్యుడి చేతికి అధికారం వచ్చినప్పుడు, లేదా అధికారం ఆయన చెంతకు చేరినప్పుడు, ఆ సదుద్దేశానికి ఏమవుతుంది? ఇదీ ప్రశ్న.

ఈ ప్రశ్నను మన సాహిత్యంలో మొట్టమొదట గట్టిగా పట్టుకున్నది ఒక రాజు కావటం విచిత్రం. "ఆముక్తమాల్యద" నాలుగో ఆశ్వాసంలో శ్రీకృష్ణదేవరాయలు యామునాచార్యుడి కథ చెప్పాడు. యామునుడు రామానుజుడికి ముందుతరం ఆచార్యుడు. పాండ్యరాజు కొలువులో వాదం చేసి గెలిచాడు. ఆ గెలుపుకు బహుమానంగా రాజ్యాధికారమే లభించింది. ఇక్కడ కవి వేసిన అడుగు గమనించండి. యామునుడు ఎవరినీ మోసం చెయ్యలేదు. పదవి కోసం దేవులాడలేదు. తన సిద్ధాంతం సత్యమని నమ్మి, విద్వత్తుతో గెలిచి, ధర్మబద్ధంగా కిరీటం పెట్టుకున్నాడు. పెట్టుకున్న తరువాత దాన్ని మోయటమే సరిపోయింది. ఏ విష్ణుభక్తి కోసం వాదించాడో ఆ భక్తి పూర్తిగా మరుగున పడింది. కాలక్రమాన శ్రీరామమిశ్రుడనే వృద్ధవైష్ణవుడు వచ్చి ఆయన్ను మేల్కొలపాలని చూస్తే లోపలికి పోవటానికే దారి లేదు. ఒకనాడు ఎవరి గడపకైనా పోయి నిలబడగలిగిన ఆచార్యుడి దగ్గరికి ఈనాడు ఆయన గురుపరంపరలోని వాడే రాలేకపోయాడు. చివరకు వంటింటి దారిన, రాజుకు ఇష్టమైన ఆకుకూర తెచ్చి ఇస్తూ, కొన్నాళ్ళకు అది మానేసి, కూర ఏమైందని రాజు అడిగే దాకా కాచుకోవలసి వచ్చింది.

అధికారం మనిషిని చెడగొడుతుందని అందరూ చెప్పే మాటే. ఎలా చెడగొడుతుందో రాయలు చెప్పాడు. అది ముందు మనిషిని మార్చదు, ఆయన వాకిలిని మారుస్తుంది. ఎవరు లోపలికి రావచ్చునో, ఎవరు రాగూడదో వాకిలి నిర్ణయిస్తుంది. ఆ తరువాత మనిషి మారటం దానంతటదే జరుగుతుంది. ఎందుకంటే అబద్ధం ఆడుతున్నావని చెప్పే గొంతు ఆయన చెవిని చేరదు. ఆయన మాత్రం తాను మారలేదనే అనుకుంటాడు.

అదే ఆశ్వాసంలో యామునుడు రాజ్యం వదిలిపెడుతూ కొడుకుకు రాజనీతి చెపుతాడు. అందులో మన పండితులు అంతగా ప్రస్తావించని పద్యం ఒకటి ఉన్నది. భిక్షువులకు, జటాధారులకు ధనమూ గ్రామాలూ ఇవ్వవద్దని దాని సారాంశం. ఇస్తే వాళ్ళు తమ నియమం తప్పుతారనీ, దానివల్ల దేశానికి కరువూ రోగాలూ వస్తాయనీ, వాళ్ళ ఎడల భక్తి చూపితే చాలుననీ కవి అంటాడు. కరువు సంగతి ఆ కాలపు నమ్మకం, వదిలేద్దాం. కాని తిరుమల వెంకటేశ్వరుడికి కానుకలు గుప్పించిన చక్రవర్తి, సన్యాసికి ఊరు ఇవ్వవద్దని రాయటం ఊరకే జరిగిన సంగతి కాదు. ఇచ్చేవాడు కనుక ఇస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

అయితే రాయలు చెప్పిన పరిష్కారం మనకు పనికిరాదు. శ్రీరామమిశ్రుడు యామునుడికి తాతలనాటి నిధి చూపిస్తానని శ్రీరంగం తీసుకుపోయి రంగనాథుడి పాదాలు చూపిస్తాడు. యామునుడు కిరీటం తీసేసి సన్యసిస్తాడు. కిరీటం కొడుకు నెత్తిన అట్లాగే ఉన్నది. వ్యక్తి తప్పించుకున్నాడు, వ్యవస్థ తప్పించుకోలేదు, దాన్ని ఎవరూ పట్టుకోనూ లేదు. భూస్వామ్య యుగపు కవి అంతకు మించి చూడలేడు, చూడలేదని నిందించనక్కరలేదు.

ఇప్పుడు రామానుజుడి దగ్గరికి వద్దాం. ఆయన జీవితకాలం 1017 నుంచి 1137 వరకని సంప్రదాయం. ముచ్చింతలలో విగ్రహం పెట్టటానికి ఆధారమైన కథ అందరికీ తెలిసిందే. తిరుక్కోట్టియూరులో గోష్ఠీపూర్ణుడు రహస్యంగా ఉపదేశించిన మంత్రాన్ని రామానుజుడు గోపురమెక్కి అందరికీ వినిపించాడు. నాకు నరకం వచ్చినా వీళ్ళకు మోక్షం వస్తే చాలునన్నాడు. కథ జరిగిందో లేదో చరిత్రకారులు చూసుకుంటారు. శతాబ్దాలుగా జనం దాన్ని చెప్పుకుంటూ వచ్చారంటే వాళ్ళకు అలాంటి ఆచార్యుడు కావలసి వచ్చాడని అర్థం. బ్రాహ్మణేతరుడైన కాంచీపూర్ణుణ్ణి గురువుగా భావించి ఆయన ఉచ్ఛిష్టం తినబోయాడనే కథ కూడా ఆ కోవలోదే. ఈ రెండు కథల్లోనూ ఆచార్యుడు ఏదో ఒకటి పోగొట్టుకుంటున్నాడు. మొదటి కథలో గురువు అనుగ్రహం, రెండో కథలో కులమర్యాద. సమతకు ఆయన మూల్యం చెల్లిస్తున్నాడు.

చోళరాజు బాధకు తాళలేక రామానుజుడు మేల్కోటకు పోయి హొయసళ విష్ణువర్ధనుడి ఆశ్రయంలో ఉన్నాడని కూడా సంప్రదాయం చెపుతుంది. అక్కడ తనకు సాయం చేసిన అస్పృశ్యులకు తిరుక్కులత్తారని పేరు పెట్టి గుడిలోకి రానిచ్చాడట. ఏడాదికి మూడు రోజులు. ఈ "మూడు రోజులు" దగ్గర మనం ఆగాలి. పన్నెండో శతాబ్దానికి అది పెద్ద సాహసమే. కాని మిగిలిన మూడు వందల అరవై రెండు రోజుల సంగతి? రాజు ఆశ్రయంలో ఉన్న ఆచార్యుడు సమతను అంతవరకే తీసుకుపోగలిగాడు. 1936లో "కులనిర్మూలన" అచ్చయిన తరువాత గాంధీజీకి ఇచ్చిన జవాబులో అంబేద్కర్ ఈ కిటుకే పట్టుకున్నాడు. సాధుసంతులు చెప్పింది దేవుడి ఎదుట మనుషులు సమానమని. మనుషుల ఎదుట మనుషులు సమానమని కాదు. మొదటిదాన్ని ఎవరైనా ఒప్పుకుంటారు, ఎందుకంటే దానివల్ల ఎవరి భూమీ పోదు.

అధికారం చేతికి వచ్చినా మూడు రోజులతో ఆగనివాడు ఒకడున్నాడు. పాల్కురికి సోమనాథుడు తెలుగులో ఎవరి పురాణం రాశాడో ఆ బసవన్న కల్యాణ రాజు బిజ్జలుడి కొలువులో భాండాగారానికి అధిపతి. మాదిగ హరళయ్య కొడుకుకూ బ్రాహ్మణ మధువయ్య కూతురికీ పెళ్ళి జరిగిందనీ, అందుకు బిజ్జలుడు ఆ పెద్దలిద్దరినీ చంపించాడనీ, దానితో కల్యాణం మండిపోయిందనీ సంప్రదాయ కథ. బసవన్నకు పదవి మిగలలేదు, పట్నం మిగలలేదు. సమత గుడి గడప దాటి పెళ్ళిపందిట్లోకి వచ్చేసరికి రాజు ఆశ్రయం ఏమవుతుందో ఇక్కడ కనపడింది.

రెండో వైపు కంచెర్ల గోపన్న ఉన్నాడు. గోలకొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి చెరసాల పాలయ్యాడు. ఆయన కీర్తనలు వింటే ఎవరికైనా గుండె కరుగుతుంది. ఆయన భక్తిని శంకించటం అవివేకం. కాని తానీషా సొమ్మా, రాముడి సొమ్మా అనే తగువులో మూడో మనిషి ఉన్నాడని మన హరికథలు ఎన్నడూ చెప్పలేదు. ఆ శిస్తు కట్టినవాడు పాల్వంచ రైతు. చివరకు రామలక్ష్మణులే వచ్చి మొహరీలు చెల్లించారని కథ. చెల్లించింది ఎవరికి? తానీషాకు. గుడి కట్టాలనుకున్నవాడు మంచివాడే, కట్టిన పని మంచిదనే అనుకుందాం. అయినా ఆ మంచితనానికి పెట్టుబడి పెట్టినవాడి పేరు ఎక్కడా రాలేదు.

ఈ కథలన్నీ మనసులో పెట్టుకుని శంషాబాదుకు తిరిగి రావాలి. ఇక్కడ ఈనాటి పాల్వంచ పరగణా ఏదో చూడాలి. సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయంలో 2008 మార్చి 23న విమానాలు దిగటం మొదలైంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. జొన్న, వరి పండిన నేల గజాల లెక్కన అమ్ముడుపోయే సరుకైంది. సమతామూర్తి ఉన్న 45 ఎకరాలు మైహోం సంస్థల అధినేత జూపల్లి రామేశ్వరరావు ఇచ్చినవని పత్రికలు రాశాయి. భక్తుడు గురువుకు భూమి ఇవ్వటంలో తప్పేముందని అడగవచ్చు. తప్పు వెతకటం నా ఉద్దేశం కాదు. దాత మనసులో ఏముందో నాకు తెలియదు, తెలియనక్కరలేదు. భూమి వ్యాపారమే ప్రధాన వ్యాపారమైన చోట, ఆ వ్యాపారంలో పెద్దలైనవాళ్ళ సాయంతో, సమత అనే మాట నిలబడినప్పుడు ఆ మాట భూమిని గురించి ఏమైనా అనగలదా అన్నదే ప్రశ్న. అనలేదు. ఎవరూ నోరు మూయించనక్కరలేదు. మూయించారనుకోవటమే మన దొంగస్వామి కథల అలవాటు.

జరిగేది వేరు. మంచి పనికి స్థలం కావాలి. స్థలానికి దాత కావాలి. దాతకు అనుమతులు కావాలి, వాటికి ప్రభుత్వం కావాలి. ప్రభుత్వానికి ఆశీస్సులు కావాలి. ఆశీస్సులు ఇచ్చినందువల్ల మరింత మంచి పని చెయ్యటానికి వీలవుతుంది. ఈ చక్రంలో ఏ మెట్టు దగ్గరా ఆచార్యుడు "నేను ఇక్కడ అమ్ముడుపోయాను" అనుకోవలసిన అగత్యం లేదు. ప్రతి మెట్టు దగ్గరా ఒక అంధబాలుడో, ఒక రోగో నిజంగా లాభపడుతూనే ఉంటాడు. పోషకుడు ఆచార్యుణ్ణి కొనడు. ఆచార్యుడి పనిని పెద్దది చేస్తాడు. పని పెద్దదైన కొద్దీ చెప్పగలిగిన మాట చిన్నదవుతుంది.

ప్రభుత్వం సంగతి కూడా చూద్దాం. తెలంగాణ ఏర్పడిన తరువాత ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు చినజీయర్ స్వామిని గురువుగా గౌరవించాడు. యాదగిరిగుట్ట పునర్నిర్మాణంలో స్వామి సలహాలు తీసుకున్నారు. గుట్టకు యాదాద్రి అనే పేరు ఆయన సూచన మేరకే వచ్చిందని వార్తలు. 2019 సెప్టెంబరులో ఆ గుడి స్తంభాల మీద ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ గుర్తయిన కారు, ప్రభుత్వ పథకాల గుర్తులు చెక్కి ఉన్నట్లు బయటపడి, గొడవ జరిగి, తొలగించారు. వాటిని ఎవరు చెక్కమన్నారన్నది కాదు మనకు ముఖ్యం. రాజ్యం గుడి కట్టితే రాజ్యం గుడి లోపలికి వస్తుందనటానికి ఆ స్తంభాలే సాక్ష్యం.

2022లో లెక్క తారుమారైంది. ఫిబ్రవరి 5న ప్రధాని ముచ్చింతలకు వచ్చిన సభలో ముఖ్యమంత్రి లేడు. మార్చి 28న యాదాద్రి గుడి తిరిగి తెరిచిననాడు చినజీయర్ స్వామి లేడు. 2023 చివర ప్రభుత్వం మారింది; 2024లో కొత్త ముఖ్యమంత్రి గుట్టకు పాత పేరే ఉంటుందని ప్రకటించాడు. అధికారం ఇచ్చిన గౌరవం కౌలు పొలం వంటిది. గడువు తీరితే ఖాళీ చెయ్యాలి.

ఆ రెండు తేదీల మధ్య మార్చిలోనే ఇంకొకటి జరిగింది. అసలు సంగతి అందులో ఉందని నా అభిప్రాయం. సమ్మక్క సారలమ్మలను గురించి స్వామి ఎప్పుడో చేసిన ప్రసంగం వెలుగులోకి వచ్చింది. వాళ్ళేమన్నా బ్రహ్మలోకం నుంచి దిగివచ్చినవాళ్ళా, చదువుకున్నవాళ్ళు కూడా వాళ్ళను కొలవటమేమిటి అనే భావం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. ఆదివాసులు, ఆడవాళ్ళు, అన్ని పార్టీలవాళ్ళు మండిపడ్డారు. అవి ఏనాటివో పాత మాటలనీ, ముందువెనుకలు తీసేసి చూపిస్తున్నారనీ, ఎవరినీ కించపరచటం తన ఉద్దేశం కాదనీ స్వామి వివరణ ఇచ్చారు.

ఆయన ఉద్దేశాన్ని గురించి ఆయన చెప్పినదాన్ని నమ్ముదాం. నమ్మితేనే విషయం మరింత గంభీరమవుతుంది. కించపరచే ఉద్దేశం లేకుండానే ఆ మాట వచ్చింది! మేడారంలో విగ్రహం లేదు. గద్దెమీదికి వచ్చేది కుంకుమభరిణె, వెదురుకర్ర. అక్కడ పూజారులు కోయలు. కరువులో కప్పం కట్టలేమని కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యాన్ని ఎదిరించి చచ్చిపోయిన ఆడవాళ్ళే అక్కడి దేవతలని జనం కథ. దేవుడి ఎదుట అందరూ సమానమని చెప్పే మనిషికి, ఆ దేవుళ్ళలోనే పెద్దా చిన్నా ఉండటం సహజంగా తోచింది. వేదిక కింద కూర్చున్నవాళ్ళలో "స్వామీ, ఇది సమత కాదు" అనగలిగినవాడు లేడు. ఉంటే ఆ మాట ఇన్నేళ్ళు పడి ఉండేది కాదు. శ్రీరామమిశ్రుడికి వాకిలి దొరకలేదు; ఆకుకూర తెచ్చే దారి కూడా లేకపోయింది.

ఇంతవరకు చదివి సంతోషించిన మిత్రులకు ఒక మనవి. ఈ వాకిలి మఠాలకు మాత్రమే ఉన్నది కాదు. సంఘం పెట్టుకున్న రచయితకు, పార్టీ పెట్టుకున్న కార్యకర్తకు, విశ్వవిద్యాలయంలో పీఠం దక్కిన అభ్యుదయ ఆచార్యుడికి కూడా ఉన్నది. సభకు హాలు కావాలి, హాలుకు దాత కావాలి, పత్రికకు ప్రకటన కావాలి. ప్రకటన ఇచ్చినవాడి వెంచరును గురించి ఆ సంచికలో కథ రాదు. ఎవరూ వద్దనరు, రాదు, అంతే. అకాడమీ శాలువా కప్పుకున్న తరువాత మన వాక్యాలు మెత్తబడటం మనమే ఎరుగుదుం. కనుక జీయరును విమర్శించటం తేలిక, మన గడపను చూసుకోవటం కష్టం. ఈ రెండో పని చెయ్యకుండా మొదటిది చేస్తే మనదీ ఒక మఠమే.

ఇంకొక ఆక్షేపణ ఉన్నది. పేదవాడైన ఆచార్యుడు ఎవరికీ ఉపకారం చెయ్యలేడు కదా, అధికారానికి దూరంగా ఉండి చేతులు కడుక్కుంటే నేత్ర విద్యాలయం ఎలా వస్తుంది? సరైన ప్రశ్న. రాయలు చెప్పినట్లు సన్యసించటం దానికి జవాబు కాదు. చూపులేని పిల్లవాడి చదువు ప్రభుత్వం బాధ్యత. అది హక్కుగా దొరకవలసిన చోట దయగా దొరుకుతున్నది. హక్కును దయగా మార్చే ఏర్పాటు ఉన్నంతకాలం దయామయులు పుడుతూనే ఉంటారు, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఆ ఏర్పాటుకు ఊతమే అవుతారు. పోరాడవలసింది ఆ ఏర్పాటుతో. అలా పోరాడేటప్పుడు ముచ్చింతల భక్తుణ్ణి మూఢుడని తిట్టి దూరం చేసుకోకుండా, "మీ రామానుజుడు గోపురం ఎందుకు ఎక్కాడు?" అని అడగగలగాలి.

ఎక్కింది వినపడటానికి. ఆ గోపురం మీద ఒక మనిషి గొంతు ఉన్నది. కింద నిలబడినవాడు దాన్ని విని, నేర్చుకుని, ఇంటికి పోయి మరొకడికి చెప్పగలిగాడు. ఈనాటి విగ్రహం ఎంతో దూరం నుంచి కనపడుతుంది. చూసినవాడు చేతులు జోడించి వెళ్ళిపోతాడు. ఆ చుట్టుపక్కల కూలికి పోయే ఆడమనిషి దాని నీడలో నిలబడి, సమత అంటే తన కూలికీ, తన ఇంటి జాగాకూ ఏమైనా సంబంధం ఉందా అని అడిగితే జవాబు చెప్పటానికి అక్కడ ఎవరున్నారు? ఆ ప్రశ్న ఆమెచేత అడిగించే కథ మన రచయితలు ఇంకా రాయలేదు. అందులో దొంగస్వామి ఉండనక్కరలేదు. మంచి స్వామిని పెట్టి రాయండి. అది కష్టం, కాని అదే నిజం.